మొదటి కాంట్రిబ్యూషన్ గైడ్‌లో మీరు ఎక్కడ ఆగిపోయారు?

చిరుగాలి27 · ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

కోడింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. నేను తరచూ వాడే ఒక చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్పులు పంపగలిగే) టూల్ ఉంది. సబ్‌టైటిల్ ఫైళ్లలో టైమింగ్ తేడా వస్తే సరిచేస్తుంది, పైథాన్‌లో రాశారు. పేరు చెప్పను, ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. అందులో ఒక ఎర్రర్ మెసేజ్‌లో అక్షర దోషం కనిపించింది. ఒక్క పదం. దాన్ని దిద్ది పంపిద్దామని కూర్చుంటే మూడు రాత్రులు పట్టింది.

పదం దిద్దడానికి అర నిమిషం కూడా పట్టలేదు. మిగతా సమయమంతా వాళ్ల కాంట్రిబ్యూటింగ్ ఫైలులో (మార్పులు ఎలా పంపాలో చెప్పే గైడ్) ఉన్న ఆరు లైన్లకే పోయింది. ఎక్కడ ఆగిపోయానో అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మొదటి లైనులో కమాండ్ ముందు $ గుర్తు ఉంది. ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పెట్టాను. "$: కమాండ్ నాట్ ఫౌండ్" అని వచ్చింది. ఆ గుర్తు టైప్ చేయకూడదని, అది టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) సిద్ధంగా ఉందని చూపే గుర్తు మాత్రమేనని తెలియడానికి అరగంట. తర్వాత క్లోన్ చేసే (ప్రాజెక్టును నా కంప్యూటర్‌లోకి దించుకునే) అడ్రసులో <యువర్-యూజర్‌నేమ్> అని ఉంది. ఆ కోణాల బ్రాకెట్లు తీసేసి నా పేరు పెట్టాలని నాకు తోచలేదు, వాటితో సహా కొట్టాను. "నో సచ్ ఫైల్" అంది. నేను ఏ ఫైలూ అడగలేదు కదా అని అయోమయం. టెర్మినల్‌కు < అంటే ఫలానా ఫైలులోంచి తీసుకో అని అర్థమట.

ఆ తర్వాత "గిట్ చెకౌట్ మాస్టర్" అని ఉంది (గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్). ఆ పేరుతో బ్రాంచే (కోడ్‌లో ఒక శాఖ) లేదంది. వాళ్ల బ్రాంచ్ పేరు ఎప్పుడో మెయిన్‌గా మారిపోయింది, గైడ్‌లో మాత్రం పాత పేరే మిగిలింది. చివరికి పుష్ చేసేటప్పుడు (నా మార్పును ప్రాజెక్టు ఉండే గిట్‌హబ్ సైటుకు పంపేటప్పుడు) పాస్‌వర్డ్ అడిగితే సరైనదే ఇచ్చాను. తిరస్కరించింది. ఆ రాత్రి లాప్‌టాప్ మూసేసి పడుకున్నాను. ఇలాంటివి నా వల్ల కాదేమో అనిపించింది.

అయితే నా ప్రశ్న ఇది. ఆ గైడ్‌ను మెరుగుపరిచి పంపాలని ఉంది. కొత్తదాన్ని నేను, వాళ్ల డాక్యుమెంటేషన్ మార్చమనడం బాగుంటుందా? మార్చాలంటే ఎంత రాయాలి? మీలో ఎవరైనా మొదట్లో ఇలా ఎక్కడ ఆగిపోయారో చెబితే అవి కూడా కలుపుతాను.

---

పాతకాపు · ఆదివారం రాత్రి 11:15

చిరుగాలి గారూ, ముందు ఒక మాట. ఆ నోట్‌బుక్ పేజీలను జాగ్రత్తగా దాచుకోండి. ఇంకో రెండు వారాల్లో మీకు $ గుర్తు కనిపించడమే మానేస్తుంది. <యువర్-యూజర్‌నేమ్> చూడగానే చెయ్యి దానంతట అదే మీ పేరు టైప్ చేస్తుంది. అప్పుడు అదే గైడ్ చదివితే "ఇందులో లోపమేముంది" అంటారు. నేను ఒక లైబ్రరీని పదకొండేళ్లుగా చూసుకుంటున్నాను, ఆ దశ దాటి చాలా కాలమైంది. మీరు ఆగిపోయిన చోట్లు నేను ఎంత ఆలోచించినా కనిపెట్టలేను. కాబట్టి "కొత్తదాన్ని నేను" అని వెనకాడకండి. ఈ పనికి ప్రాజెక్టులో మీకంటే అర్హులు ఇవాళ ఎవరూ లేరు.

మెయింటైనర్ల (ప్రాజెక్టును చూసుకునేవాళ్ల) వైపు నుంచి కూడా చెప్పాలి. సెటప్ గైడ్‌ను ప్రాజెక్టు మొదటి రోజుల్లో ఎవరో ఒకరు రాస్తారు. ఆ తర్వాత దాన్ని పైనుంచి కిందికి అమలు చేసే అవసరం మాలో ఎవరికీ రాదు. నా మెషిన్‌లో సెటప్ ఎప్పుడో అయిపోయింది. కోడ్‌లో తప్పుంటే టెస్ట్ ఫెయిల్ అవుతుంది, నాకు తెలుస్తుంది. గైడ్‌లో తప్పుంటే ఏ లైటూ వెలగదు. ఎవరో ఒక కొత్తవారు రాత్రి లాప్‌టాప్ మూసేసి పడుకుంటారు, వాళ్లు వచ్చి వెళ్లిన సంగతి కూడా మాకు తెలియదు.

మీ పాస్‌వర్డ్ సంగతి. తప్పు మీది కాదు. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోవడం ఆపేసింది. పాస్‌వర్డ్ బదులు పనిచేసే టోకెన్ గానీ ఎస్ఎస్‌హెచ్ కీ గానీ ఉండాలి. బ్రాంచ్ పేరూ అంతే, 2020 అక్టోబరు నుంచి అక్కడ కొత్త రిపోల్లో (ప్రాజెక్టు కోడ్ నిల్వల్లో) మొదటి బ్రాంచ్ మెయిన్ అనే పేరుతోనే వస్తోంది, పాత ప్రాజెక్టులు చాలా తర్వాత మార్చుకున్నాయి.

ఎంత రాయాలన్నదానికి నా అభిప్రాయం: తక్కువ. ప్రతి లైనూ ఏదో ఒక రోజు పాతబడుతుంది. పది పేజీలు రాస్తే పది పేజీలు పాతబడతాయి.

---

నిదానం · సోమవారం ఉదయం 7:05

నేను ఆగిపోయిన చోటు: "సోర్స్ వెన్వ్/బిన్/యాక్టివేట్", అంటే ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఏర్పాటును (వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) ఆన్ చేసే లైను. నాది విండోస్. ఆ ఫోల్డరే ఉండదు, బిన్ బదులు స్క్రిప్ట్స్ అని ఉంటుంది. అది కనుక్కుని పవర్‌షెల్‌లో నడిపితే "ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం డిసేబుల్ అయి ఉంది" అని ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. కంప్యూటర్‌కు ఏదో చేసేశానని టెన్షన్ పడ్డాను. అది విండోస్ మామూలు భద్రతా సెట్టింగ్ అని, ఎగ్జిక్యూషన్ పాలసీ మార్చుకుంటే సరిపోతుందని ఒక్క వాక్యం ఉన్నా సరిపోయేది.

గైడ్‌లో ఒక చోట "విండోస్‌లో ఇది కొద్దిగా వేరుగా ఉండొచ్చు" అని ఉంది. ఎలా వేరుగా ఉంటుందో తెలిస్తే నాకు గైడ్ ఎందుకు?

---

అక్షరశాల · సోమవారం ఉదయం 9:30

నేను టెక్నికల్ రైటర్‌గా పనిచేస్తున్నాను. పాతకాపు గారి "తక్కువ రాయండి" అన్న మాటతో సగమే ఏకీభవిస్తాను.

చిరుగాలి గారు చెప్పిన గైడ్ ఆరు లైన్లే. అయినా మూడు రాత్రులు తీసుకుంది. చిన్నదిగా ఉండటం వల్ల అది సులువు కాలేదు. తెలిసినవాళ్లు గుర్తు తెచ్చుకోవడానికి రాసుకున్న చీటీ అది. తెలియనివాళ్లకు దారి చూపే పాఠం వేరే ఉంటుంది. డానియేలే ప్రోచిదా డయాటాక్సిస్ అనే పద్ధతిలో డాక్యుమెంటేషన్‌ను నాలుగు రకాలుగా విడదీశారు: ట్యుటోరియల్, హౌ-టు గైడ్, రిఫరెన్స్, ఎక్స్‌ప్లనేషన్. చాలా ప్రాజెక్టుల కాంట్రిబ్యూటింగ్ ఫైలులో ఈ నాలుగూ కలగాపులగంగా ఉంటాయి. మొదటి మెట్టు మీద ఉన్న మనిషికి కోడ్ స్టైల్ నియమాలు, రిలీజ్ విధానం, లైసెన్స్ సంగతులు ఒకేసారి ఎదురొస్తాయి. మొదటి పుల్ రిక్వెస్ట్ (మార్పును కలుపుకోమనే అభ్యర్థన) పంపేవరకు వీటిలో చాలావాటితో ఆ మనిషికి పనిలేదు.

ఒక మంచి ఉదాహరణ చెబుతాను. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగో ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌లో మొదటి కాంట్రిబ్యూషన్ మీద ఒక ట్యుటోరియల్ ఉంది. అందులో 99999 నంబరుతో ఒక ఊహా టికెట్ (చేయాల్సిన పని) పెట్టారు: టోస్ట్ అనే పదాన్ని తిరిగి ఇచ్చే ఫంక్షన్ రాయాలి. అంతే. ఎందుకు అంత చిన్నది? నేర్చుకునేవారి బుర్ర ఫంక్షన్ మీదకు పోకుండా ఫోర్క్ (సొంత కాపీ), బ్రాంచ్, టెస్ట్, కమిట్ (మార్పు నమోదు) అనే దారి మీదే ఉండాలని. ముందు టెస్ట్ రాయిస్తారు, అది ఫెయిల్ అవడం చూపిస్తారు, తర్వాత కోడ్ రాయించి పాస్ అవడం చూపిస్తారు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. జాంగో టెస్టులు నడుస్తున్నప్పుడు తెర మీద చుక్కలూ అక్షరాలూ వరుసగా వస్తుంటాయి. చుక్క అంటే పాస్, ఎఫ్ అంటే ఫెయిల్, ఈ అంటే ఎర్రర్, ఎక్స్ అంటే ఫెయిల్ అవుతుందని ముందే తెలిసినది, ఎస్ అంటే వదిలేసినది అని అక్కడే చెప్పేస్తారు. ఆ ఒక్క పేరా లేకపోతే కొత్తవారు మధ్యలో ఎక్స్ చూసి తామేదో పాడుచేశామనుకుంటారు.

నా కొలత ఇది: ప్రతి మెట్టుకూ మూడు విషయాలు ఉండాలి. ఏం టైప్ చేయాలి, చేశాక తెర మీద ఏం కనిపించాలి, కనిపించకపోతే ఎటు వెళ్లాలి. దాదాపు అన్ని గైడ్‌లలోనూ మొదటిది ఒక్కటే ఉంటుంది.

---

రాత్రిబడి · సోమవారం మధ్యాహ్నం 1:12

> ప్రతి మెట్టుకూ మూడు విషయాలు ఉండాలి

ఇంత రాసే బదులు మెట్లనే తగ్గిస్తే? నేను విద్యార్థులతో కలిసి ప్రాజెక్టుల మీద పనిచేస్తుంటాను. ఫైర్‌ఫాక్స్ అంత పెద్ద కోడ్‌బేస్‌కే "మాక్ బూట్‌స్ట్రాప్" అనే ఒక్క కమాండ్ కావలసిన టూల్స్ దించి పెడుతుంది. డెవ్ కంటైనర్ ఫైలు (ఏయే టూల్స్ కావాలో చెప్పేది) రిపోలో పెడితే గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ లాంటి వాటిలో బ్రౌజర్‌లోనే అంతా సిద్ధంగా తెరుచుకుంటుంది. విండోస్‌కు వేరు, మ్యాక్‌కు వేరు అనే గొడవే ఉండదు. మనిషి చదివి చేయాల్సిన పనిని మెషిన్‌కు అప్పగించగలిగితే అప్పగించేయడమే మంచి డాక్యుమెంటేషన్ అని నా నమ్మకం.

---

పాతకాపు · సోమవారం మధ్యాహ్నం 2:40

రాత్రిబడి గారూ, మేము సెటప్ అంతా చేసే స్క్రిప్ట్ పెట్టి చూశాం. అది పనిచేసినంతకాలం బ్రహ్మాండం. ఒక రోజు ఒకరు రాశారు, స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయి "ఎర్రర్: ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అంటోందని. డెబియన్ లినక్స్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ అనే ఇన్‌స్టాలర్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేయనివ్వరు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడమంటారు. మా స్క్రిప్ట్ ఆ మార్పుకు ముందు రాసింది. పాపం ఆయనకు స్క్రిప్ట్ లోపల ఏం జరుగుతోందో తెలియదు, మేము ఎక్కడా రాయలేదు. లైను లైనుగా చేస్తూ వచ్చిన మనిషికి కనీసం ఏ లైను దగ్గర ఆగిపోయాడో తెలుస్తుంది.

స్క్రిప్ట్ ఉండాలి. అది ఏమేం చేస్తుందో నాలుగు వాక్యాల్లో పక్కనే ఉండాలి. రెండూ కావాలి, ఆ విషయంలో అక్షరశాల గారి మాటే సరి. నిన్న "తక్కువ" అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

నీలిసిరా · సోమవారం రాత్రి 8:55

అందరూ సెటప్ గురించే మాట్లాడుతున్నారు. నా కష్టం సెటప్ అయ్యాకే మొదలైంది.

నేను చూసిన ప్రతి గైడూ "పుల్ రిక్వెస్ట్ తెరవండి" అనే వాక్యంతో ముగుస్తుంది. నా మొదటి పుల్ రిక్వెస్ట్ తెరిచిన మరుక్షణం దాని కింద "వర్క్‌ఫ్లో అప్రూవల్ కోసం ఎదురుచూస్తోంది" అని వచ్చింది. నేనేదో నియమం తప్పానని, నన్ను ఆపేశారని అనుకున్నాను. ఆ పేజీని గంటకు నాలుగుసార్లు తెరిచి చూసుకున్నాను. మొదటిసారి పంపేవాళ్ల కోడ్‌ను తమ సర్వర్లలో నడిపే ముందు మెయింటైనర్ ఒకసారి చూసి అనుమతించడం గిట్‌హబ్‌లో మామూలు జాగ్రత్త అని చాలా తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు నిశ్శబ్దం. అడగొచ్చా? అడిగితే కోప్పడతారా? ఎన్ని రోజులకు అడగాలి? చివరికి రివ్యూ వచ్చింది, ఏడు కామెంట్లు. మార్పులు చేసి కొత్తగా ఇంకో పుల్ రిక్వెస్ట్ తెరిచాను. అదే బ్రాంచ్‌కు మళ్లీ పుష్ చేస్తే పాతదే అప్‌డేట్ అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

చిరుగాలి గారూ, మీ గైడ్‌లో "పంపిన తర్వాత ఏం జరుగుతుంది" అని ఒక భాగం తప్పకుండా పెట్టండి. మామూలుగా ఎన్ని రోజుల్లో చూస్తారు, చూడకపోతే ఎప్పుడు గుర్తు చేయొచ్చు, మార్పులు అడిగితే ఎలా పంపాలి. కామెంట్లు ఎక్కువ వస్తే పని బాగాలేదని అర్థం కాదని కూడా రాయండి. అది రాయడానికి ఒక్క లైను చాలు, అయినా ఆ లైను లేకే ఎంతోమంది మధ్యలో వదిలేస్తారు.

---

తోటమాలి · మంగళవారం ఉదయం 6:48

నీలిసిరా గారి పోస్ట్ చదివి మా ప్రాజెక్టు గైడ్ తెరిచి చూశాను. మాదీ "పుల్ రిక్వెస్ట్ తెరవండి"తోనే ఆగిపోయింది. ఇవాళే సరిచేస్తాను.

ఇంకో విషయం. ఇష్యూలకు (ప్రాజెక్టులో నమోదైన సమస్యలకు) పెట్టే "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అనే లేబుల్ కూడా డాక్యుమెంటేషనే. మేము చాలాకాలం ఆ లేబుల్‌ను మాకు చిన్నగా కనిపించిన ప్రతిదానికీ తగిలించాం. లోపల ఒక్క వాక్యం: "పార్సర్‌లో ఖాళీ లైన్ల సమస్య." మాకు అది పది నిమిషాల పని, ఎందుకంటే ఆ పార్సర్ రాసింది మేమే. కొత్తవారికి పార్సర్ ఏ ఫోల్డరులో ఉందో తెలియదు. ఇప్పుడు ఆ లేబుల్ పెట్టాలంటే మాలో మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: ఏ ఫైలు, ఏ ఫంక్షన్, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఏం జరగాలి, అయిపోయిందని ఏ టెస్ట్ చెబుతుంది. ఇవి రాయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నేనే దిద్దేసుకుంటే అంతకంటే తొందరగా అయిపోతుంది, నిజమే. అయినా రాస్తున్నాం, ఎందుకంటే ఆ ఇరవై నిమిషాలు మనిషి మీద పెడుతున్నాం.

డాక్యుమెంటేషన్ మార్పులు పంపేవాళ్లకు ఒక సూచన. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో (అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపే కార్యక్రమం) టీ-షర్టు కోసం రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం) ఫైళ్లలో అర్థం లేని మార్పులు చేసి కుప్పలుగా పంపారు. మెయింటైనర్లు విసిగిపోతే నిర్వాహకులు ఆ నెలలోనే నియమాలు మార్చి, ముందుకొచ్చి ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. అప్పటి నుంచి తెలియని ఖాతా నుంచి రీడ్‌మీ మార్పు వస్తే కొందరు అనుమానంగా చూస్తారు. అందుకని ముందు ఒక ఇష్యూ తెరిచి, "ఈ తేదీన ఈ సిస్టమ్‌లో ఈ లైను నడిపితే ఈ ఎర్రర్ వచ్చింది" అని మీ నోట్‌బుక్‌లోది పెట్టండి. అది చూశాక ఎవరికీ అనుమానం ఉండదు.

---

చిరుగాలి27 · మంగళవారం రాత్రి 9:20

ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అందరికీ థాంక్స్. తోటమాలి గారు చెప్పినట్టే ఇష్యూ తెరిచాను. మూడు గంటల్లో మెయింటైనర్ జవాబిచ్చారు, "దయచేసి పంపండి, మాకు ఇది చాలా అవసరం" అన్నారు.

డ్రాఫ్ట్ మొదటి భాగం ఇది, పూర్తి ఫైలు విడిగా పంపాను. పాతది ఇలా ఉండేది:

> రిపోను ఫోర్క్ చేసి క్లోన్ చేయండి. డిపెండెన్సీలు ఇన్‌స్టాల్ చేసి టెస్టులు నడపండి.

నేను రాసింది:

> మొదట గిట్‌హబ్‌లో మా ప్రాజెక్టు పేజీకి వెళ్లి పైన కుడివైపున్న ఫోర్క్ బటన్ నొక్కండి. దీంతో ప్రాజెక్టు కాపీ ఒకటి మీ ఖాతాలోకి వస్తుంది. ఆ కాపీలో మీరు ఏం మార్చినా అసలు ప్రాజెక్టు పాడవదు, ధైర్యంగా ప్రయత్నించండి.
>
> ఇప్పుడు మీ కాపీని మీ కంప్యూటర్‌లోకి దించుకోవాలి. కింది కమాండ్‌లో మీ-పేరు అన్న చోట మీ గిట్‌హబ్ యూజర్‌నేమ్ రాయండి. మీ యూజర్‌నేమ్ చందమామ అయితే ఆ భాగం చందమామ అని ఉంటుంది, ముందూ వెనకా ఏ గుర్తులూ ఉండవు.
>
> చివర్లో "రిసీవింగ్ ఆబ్జెక్ట్స్: 100%" అని, పక్కన "డన్" అని కనిపిస్తే పని అయినట్టు. "రిపాజిటరీ నాట్ ఫౌండ్" అని వస్తే యూజర్‌నేమ్‌లో అక్షరం తప్పు పడిందేమో, ఫోర్క్ చేయడం మర్చిపోయారేమో చూడండి.
>
> టెస్టులు నడిపితే చివర్లో ఎన్ని పాస్ అయ్యాయో చెప్పే లైను వస్తుంది. అందులో స్కిప్‌డ్ అని గానీ ఎక్స్‌ఫెయిల్డ్ అని గానీ కొన్ని ఉన్నా కంగారు పడకండి, అవి అలాగే ఉండాలి. ఫెయిల్డ్ అనే మాట ఒంటరిగా కనిపిస్తేనే ఆగి మమ్మల్ని అడగండి.

కమాండ్ల ముందు $ గుర్తులు అన్నిచోట్లా తీసేశాను. ఎలా ఉంది?

---

అక్షరశాల · మంగళవారం రాత్రి 10:05

చాలా బాగుంది. "అసలు ప్రాజెక్టు పాడవదు" అన్న వాక్యం నేనైతే రాసి ఉండేదాన్ని కాదు. నాకు ఆ భయం గుర్తే లేదు.

మిగతా భాగాల్లో ఒకటి చూసుకోండి. మీరు పంపిన పూర్తి ఫైలులో "సింపుల్‌గా", "జస్ట్", "మీకు తెలిసే ఉంటుంది" అనే మాటలు నాలుగు చోట్ల కనిపించాయి, బహుశా పాత గైడ్‌లోంచి వచ్చి ఉంటాయి. అవి తీసేయండి. సింపుల్ అని రాసినది పని చేయకపోతే చదివేవారు తప్పు తమలోనే ఉందనుకుంటారు. వాక్యాలు కూడా వీలైనంత చిన్నవిగా ఉంచండి. గైడ్ ఇంగ్లీషులో ఉంటే దాన్ని రెండో భాషగానో మూడో భాషగానో చదివేవాళ్లే ఎక్కువమంది ఉండొచ్చు.

ఇంకా అనుమానంగా ఉంటే, 2017లో గిట్‌హబ్ చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ అసంపూర్ణంగానో పాతబడిపోయో ఉండటం తాము చూసిన సమస్య అని చెప్పారు. అందులోనే 60 శాతం కాంట్రిబ్యూటర్లు తాము డాక్యుమెంటేషన్‌కు అరుదుగా రాస్తామని, లేదా అసలు రాయమని అన్నారు. మీరు చేస్తున్న పనికి చేతులు ఎంత తక్కువున్నాయో చూడండి.

---

దారితెన్ను · బుధవారం ఉదయం 8:17

డ్రాఫ్ట్ చదివాను. అంటే విన్నాను, నేను స్క్రీన్ రీడర్ వాడతాను. స్క్రీన్‌షాట్లు పెట్టకుండా తెర మీద వచ్చేదాన్ని అక్షరాల్లో రాసినందుకు కృతజ్ఞతలు. చాలా గైడ్‌లలో "మీకు ఇలా కనిపించాలి" అని ఒక బొమ్మ పెడతారు. నాకు అక్కడ "ఇమేజ్" అనే ఒక్క మాట వినిపిస్తుంది. టెర్మినల్‌లో వచ్చేది ఎలాగూ అక్షరాలే, వాటిని బొమ్మగా మార్చాల్సిన పనిలేదు. అక్షరాలుగా ఉంటే ఎర్రర్‌ను వెతికేవాళ్లకు సెర్చ్‌లో కూడా దొరుకుతుంది.

ఒక దిద్దుబాటు: "పైన కుడివైపున్న బటన్" కంటే "ఫోర్క్ అనే పేరున్న బటన్" అని రాయండి. కుడి, ఎడమ నాకు ఉపయోగపడవు. పేజీ డిజైన్ మారినా పేరు మిగులుతుంది.

---

రాత్రిబడి · బుధవారం సాయంత్రం 5:30

నేను కంటైనర్ మాట అన్నాను గానీ, ఈ డ్రాఫ్ట్ చూశాక రెండూ పక్కపక్కన ఉండాలని ఒప్పుకుంటున్నాను.

పంపే ముందు ఒక పరీక్ష చేయండి. ఈ ప్రాజెక్టు ఎప్పుడూ చూడని ఒక మనిషిని కూర్చోబెట్టి గైడ్ ఇవ్వండి. పక్కన మీరు కూర్చోండి. ఒక్క మాట కూడా మాట్లాడకండి. చెయ్యి చూపించకండి, అడిగినా జవాబివ్వకండి, "గైడ్‌లో ఏముందో అదే చేయండి" అనండి. వాళ్లు ఎక్కడ ఆగి పైకి కిందికి స్క్రోల్ చేస్తారో అక్కడ గుర్తు పెట్టుకోండి. చాలా కష్టం, నోరు ఊరుకోదు. కానీ మీరు నోరు తెరిచి చెప్పాలనుకున్న ప్రతి మాటా గైడ్‌లో లేని మాటే.

---

చిరుగాలి27 · గురువారం రాత్రి 11:48

చేశాను. నాతో పాటు చదివే స్నేహితురాలిని బతిమాలి కూర్చోబెట్టాను.

క్లోన్ దాకా చక్కగా వెళ్లింది. "డన్" కనిపించగానే నవ్వింది. తర్వాత మెట్టు, ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టింది. ఫైలు దొరకలేదని ఎర్రర్. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. గైడ్ మొదటికి వెళ్లి ప్రతి అక్షరం సరిచూసుకుంది. నాకు అప్పటికి అర్థమైంది, చెప్పకుండా ఉండటానికి చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది నిమిషాలు.

క్లోన్ చేశాక ఆ ఫోల్డరులోకి వెళ్లాలి కదా. సీడీ కమాండ్. పాత గైడ్‌లో లేదు. నేను రాసిన దాంట్లోనూ లేదు. మూడు రాత్రులు తంటాలు పడి, నోట్‌బుక్ నిండా రాసుకుని, ఆ మెట్టు నేనూ మర్చిపోయాను. ఆ మూడు రాత్రుల్లోనే అది నాకు అలవాటైపోయింది. పాతకాపు గారు రెండు వారాలన్నారు, నా విషయంలో అంత కూడా పట్టలేదు.

ఇంకో చోట కూడా ఆగింది. మెసేజ్ ఇవ్వకుండా "గిట్ కమిట్" కొడితే విమ్ ఎడిటర్ తెరుచుకుంది. బయటికి ఎలా రావాలో తెలియక టెర్మినల్ కిటికీనే మూసేసింది. కమిట్ పోయింది. కమాండ్‌లోనే మెసేజ్ ఇచ్చేలా మార్చాను, పొరపాటున విమ్ తెరుచుకుంటే ఏం చేయాలో ఒక లైను రాశాను.

రెండు భాగాలూ సరిచేసి ఇప్పుడే పుల్ రిక్వెస్ట్ పంపాను. వర్క్‌ఫ్లో అప్రూవల్ కోసం ఎదురుచూస్తోందట. నీలిసిరా గారూ, మీ వల్ల ఈసారి కంగారు పడలేదు.

---

పాతకాపు · శుక్రవారం రాత్రి 10:31

ఈ థ్రెడ్ చూసి నిన్న రాత్రి మా లైబ్రరీలో ఒక పని చేశాను. గైడ్‌లోని కమాండ్లను వరుసగా తీసుకుని, ఏమీ ఇన్‌స్టాల్ చేయని ఖాళీ కంటైనర్‌లో ప్రతి సోమవారం వాటంతట అవే నడిచేలా సీఐలో (ఆటోమేటిక్‌గా పరీక్షలు నడిపే వ్యవస్థలో) ఒక జాబ్ పెట్టాను. మొదటిసారి నడిపితే రెండో లైను దగ్గరే పడిపోయింది. ఒక సిస్టమ్ లైబ్రరీ కావాలి, అది నా మెషిన్‌లో ఏళ్ల కిందటే వేరే పని కోసం ఇన్‌స్టాల్ చేసి ఉంది. గైడ్‌లో దాని ప్రస్తావన ఎప్పుడూ లేదు.

ఇన్నేళ్లలో ఆ గైడ్ చదివి రెండో లైను దగ్గర ఆగిపోయినవాళ్లు ఎంతమందో నాకు ఎప్పటికీ తెలియదు. అది తలచుకుంటే బాధగా ఉంది. గైడ్ మొదట్లోనే ఒక వాక్యం చేర్చాను: "ఇందులో ఏ లైను పనిచేయకపోయినా అది మా లోపం, ఆ లైను నంబరుతో ఇష్యూ తెరవండి, అదే మీ మొదటి కాంట్రిబ్యూషన్." ఇష్యూ తెరిచిన ప్రతివారి పేరూ కాంట్రిబ్యూటర్ల జాబితాలో వేస్తాను.

---

చిరుగాలి27 · ఆదివారం సాయంత్రం 6:14

మెర్జ్ అయింది, అంటే నా మార్పు ప్రాజెక్టులో కలిసింది! ఐదు కామెంట్లు వచ్చాయి, అన్నీ మర్యాదగా ఉన్నాయి, అదే బ్రాంచ్‌లో సరిచేసి పంపాను. అక్షర దోషం దిద్దిన పుల్ రిక్వెస్ట్ కూడా పక్కనే మెర్జ్ చేశారు.

ఒక భాగం మాత్రం ఆపమన్నారు, విండోస్ సెటప్. మెయింటైనర్లలో ఎవరికీ విండోస్ లేదు, పరీక్షించకుండా పెడితే మళ్లీ పాత కథే అవుతుందన్నారు. వాళ్ల మాట సబబే. నా దగ్గరా లేదు. నేను రాసింది నిదానం గారు చెప్పినదాన్ని బట్టి ఊహించి రాసినదే.

---

నిదానం · ఆదివారం రాత్రి 7:02

నా దగ్గర ఉంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయని కొత్త విండోస్ వర్చువల్ మెషిన్ ఒకటి పెట్టుకుని, మీ గైడ్ మొదటి లైను నుంచి రేపు సాయంత్రం మొదలుపెడతాను. ఏ లైను దగ్గర ఏం వచ్చిందో ఇక్కడే రాస్తూ వెళ్తాను. మీరు ఆపిన ఆ భాగం డ్రాఫ్ట్ లింకు పంపండి. గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లైన్ ఎండింగ్స్ గురించి అడిగే స్క్రీన్ ఒకటి వస్తుంది, అక్కడ ఏది ఎంచుకోవాలో గైడ్‌లో ఉందా?